శివారు భూముల సంగతి ముప్పై ఏళ్ల దూరం నుంచి చూడాలంటే ఏ పద్ధతితో మొదలుపెట్టాలి?

శివారు రైతు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది గోదావరి మధ్య డెల్టాలో పంట కాలువ చిట్టచివర, సముద్రానికి ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. మా రైతు ఉత్పత్తిదారుల సంఘంలో లెక్కలు రాసే పని నాది. పల్లపు భూముల్లో సుమారు 140 ఎకరాలను పదేళ్ల లీజు మీద రొయ్యల చెరువులకు ఇవ్వాలా, వరిలోనే ఉంచాలా అన్న విషయం మీద సంఘం నన్ను ఒక నివేదిక అడిగింది. చెరువు కౌలు ఎంత వస్తుంది, సార్వాలో (ఖరీఫ్ వరి) ఎంత మిగులుతుంది, దాళ్వాకు (రబీ వరి) నీరందని ఏళ్లలో ఎంత పోతుంది అని ఒక పట్టిక వేశాను. ఎటు తిప్పి వేసినా చెరువే నెగ్గుతోంది. మా నాన్నగారు ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో పక్క చేను ఎక్కడుందిరా?" అని ఒక్క మాట అడిగి, కళ్లజోడు తీసి పక్కన పెట్టేశారు. ఆ రోజు నుంచి నాకు నివేదిక ముందుకు సాగడం లేదు.

మూడు నెలలుగా భవిష్యత్ అధ్యయన పద్ధతుల మీద ఇంటర్నెట్‌లో ఒక కోర్సు చదువుతున్నాను. సినారియోలు (రాబోయే కాలం ఎలా ఉండవచ్చో రాసే కథలు), డెల్ఫీ, ఫ్యూచర్స్ వీల్, బ్యాక్‌కాస్టింగ్ (కోరుకున్న భవిష్యత్తు నుంచి నేటికి వెనక్కి నడవడం) అంటూ పేర్లన్నీ నోటికి వచ్చాయి గాని, మా సమస్యకు ఏది పనికొస్తుందో పాలుపోవడం లేదు. ఉదాహరణలన్నీ కార్ల కంపెనీలవి, మహానగరాలవి. వీటిలో ముందు ఏది నేర్చుకోవాలి? ముప్పై ఏళ్ల తరువాత వచ్చే లాభనష్టాలను ఈనాటి రూపాయల్లోకి తేవడం న్యాయమేనా? అన్నిటికంటే ముఖ్యం, పొలం పనుల మధ్య మా ఊరివాళ్లు వీటికోసం కూర్చుంటారా? ఇక్కడ ఎవరైనా ఇలాంటివి చేసి చూసి ఉంటే చెప్పగలరు.

పాత ఓవర్సీరు

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే మీ పట్టికలో చెరువు ఎటు తిప్పినా ఎందుకు నెగ్గుతోందో దాని జవాబులోనే దొరుకుతుంది. మీరు బ్యాంకు అప్పు మీద ఉండే వడ్డీని, బహుశా 12 శాతాన్ని, డిస్కౌంటు రేటుగా, అంటే రేపటి రూపాయిని నేటి విలువకు తగ్గించే రేటుగా పెట్టుకుని ఉంటారు. ఆ రేటున ముప్పై ఏళ్ల తరువాత జరగబోయే లక్ష రూపాయల నష్టానికి నేటి విలువ దాదాపు 3,300 రూపాయలు. అదే 3 శాతంతో వేస్తే దాదాపు 41,000 రూపాయలు. నేల మారలేదు, అందులోకి దిగే ఉప్పు మారలేదు. ఒక గడిలో అంకె మార్చేసరికి మీ మనవడి నష్టం పన్నెండు రెట్లయింది. 2006లో వాతావరణ మార్పు ఖర్చుల మీద నికొలస్ స్టెర్న్ బ్రిటన్ ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో సుమారు 1.4 శాతం రేటు వాడితే, అది మరీ తక్కువని అమెరికా ఆర్థికవేత్త విలియం నార్డ్‌హౌస్ వాదించారు. అంతటివాళ్ల మధ్య తెగని అంకెను మన సంఘం తెంచనక్కరలేదు. మూడు రేట్లకు మూడు పట్టికలు వేసి, ఏ రేటు దగ్గర చెరువు ఓడిపోవడం మొదలవుతుందో సభలో చూపించండి. అప్పుడు వాదన రూపాయల నుంచి మనవల మీదికి మళ్లుతుంది, మళ్లాలి కూడా.

అయితే రేటు ఒక్కటీ సరిచేసినంత మాత్రాన దూరపు విలువ చేతికి చిక్కుతుందని అనుకోకండి. మన ఆనకట్ట సంగతే చూడండి. 1833 నాటి కరువు, 1839 నాటి ఉప్పెన తరువాత ఈ ప్రాంతం చితికిపోయి ఉన్న రోజుల్లో ఆర్థర్ కాటన్ తన ప్రతిపాదన పెట్టారు; 1847లో పని మొదలై 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆయన ఆలోచనలో సాగునీటితో పాటు పడవల రవాణాకు చాలా పెద్ద స్థానం ఉంది, కాలువల మీద లాకులు కట్టించింది అందుకే. రైలు వచ్చింది, రోడ్డు వచ్చింది, పడవలు పోయాయి. ఇప్పుడు లాకులంటే బస్సు దిగే చోటు. మరోవైపు, కాలువలకు నీళ్లు ఆపేసే ముందు ఊరి మంచినీటి చెరువు నింపుకోవడం అనే అలవాటు మీదే ఎన్నో ఊళ్లు వేసవి దాటుతున్నాయి. వచ్చిన నీటిని బయటికి పంపలేకపోవడమనే మురుగు సమస్య కూడా ఆ నీటి వెంటే వచ్చింది. విలువ రాకపోలేదు, ఎక్కువే వచ్చింది, కాని రాసుకున్న పద్దులో రాలేదు.

కాబట్టి నన్నడిగితే, ముందు నేర్చుకోవలసింది ఒక నిర్ణయం తీసుకున్నాక దాన్ని వెనక్కి తీసుకోగలమా అని పరీక్షించే పద్ధతి. వరి చేనును చెరువు చేయడం ఒక పొక్లెయినుకు నాలుగు రోజుల పని. ఉప్పు నీరు పట్టిన చెరువును తిరిగి వరి చేనుగా మార్చడం ఎన్నేళ్ల పనో చౌడు కడిగినవాళ్లను అడగండి. లండన్ దగ్గర థేమ్స్ నది ముఖద్వారానికి 2100 వరకు వేసిన వరద రక్షణ ప్రణాళికలో ఈ ఆలోచన చక్కగా కనిపిస్తుంది. సముద్రం ఎంత పెరుగుతుందో వాళ్లు ఒకే అంకెగా తేల్చి దాని మీద గోడ కట్టలేదు. మట్టం ఇంత పెరిగినప్పుడు ఈ పని, అంతకు మించితే ఆ పని అని దారులు గీసి, ఏ దారి ఎప్పటి వరకు తెరిచి ఉంటుందో రాసుకున్నారు. 

ఈ పద్ధతి మనకు కొత్తదీ కాదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 1986 ఆగస్టులోనూ 2022 జూలైలోనూ మూడోది కూడా దాటింది. ఏ అడుగు దగ్గర ఏం చేయాలో వరద రాకముందే తేల్చి ఉంచినందువల్ల, నీళ్లు గట్టెక్కుతున్నప్పుడు ఏటిగట్టు మీద నిలబడి వాదించుకునే పని తప్పుతుంది. సినారియోలు రాసేవాళ్లు సూచికలు అనేవి సరిగ్గా ఇవే. మీ పల్లానికి కూడా అలాంటి మూడు గీతలు కావాలి. ఏప్రిల్‌లో మురుగు కాలువలో ఉప్పు ఎంత, దాళ్వా వదిలేసిన ఎకరాలు ఎన్ని, చెరువుల చుట్టూ చౌడు తేలిన చేలు ఎన్ని అని గుర్తు పెట్టుకుని, ఒక్కో గీత దాటితే సంఘం ఏం చేస్తుందో ఇప్పుడే రాసిపెట్టండి.

సినారియోల గురించి ఒక్క మాట. వాటిని జోస్యంలా చదివితే నవ్వులపాలవుతాం. 1970ల తొలినాళ్లలో షెల్ చమురు కంపెనీలో పియర్ వాక్ బృందం రాసిన వాటికి పేరు రావడానికి 1973 చమురు సంక్షోభం కారణమే గాని, వాక్ తన పనిని కొలుచుకున్న తీరు వేరు. కథ చదివిన మేనేజరు మర్నాడు తన చుట్టూ ఉన్న లోకాన్ని వేరుగా చూశాడా లేదా అన్నదే ఆయన కొలబద్ద.

ముగ్గుపిండి

ఓవర్సీరు గారు చెప్పిన వాటికి అడ్డు చెప్పను గాని, మూడు పట్టికలు వేసేలోపే మీ సభలో సగం మంది లేచి వెళ్లిపోతారని మాత్రం చెప్పగలను. గౌతమి పాయ వెంబడి ఊళ్లలో మహిళా సంఘాలతో పనిచేస్తున్నాను. జనం కూర్చుంటారా అని అడిగారు. కుర్చీలు వేసి, గోడకు ప్రొజెక్టరు బొమ్మ వేస్తే కూర్చోరు. చేతికి పని ఇస్తే కదలరు.

ఫ్యూచర్స్ వీల్‌ను జెరోమ్ గ్లెన్ 1971లో రూపొందించాడు. మధ్యలో ఒక మార్పు రాసి, దాని చుట్టూ నేరుగా వచ్చే ఫలితాలను ఒక వలయంగా, వాటి నుంచి పుట్టే ఫలితాలను మరో వలయంగా రాసుకుంటూ పోవడమే. మేము దాన్ని సంఘ భవనం ముందు కళ్లాపి చల్లిన నేల మీద ముగ్గుపిండితో వేశాం. మధ్యలో "పల్లం చెరువైంది" అని రాశాం. మొదటి వలయంలో అందరూ ఊహించినవే వచ్చాయి: కౌలు డబ్బు ఒక్కసారే చేతికొస్తుంది, నాట్ల పని పోతుంది, గట్టు అవతలి చేనులోకి ఊట దిగుతుంది. రెండో వలయంలో ఒకావిడ వరి లేకపోతే గడ్డి ఉండదని రాసింది. మూడో వలయంలో గడ్డి కొనలేక గేదెను అమ్మడం, ఆ పక్కనే చంటిపిల్లలకు పాకెట్ పాలు కొనడం వచ్చాయి. అప్పటిదాకా చెరువులే మేలని వాదిస్తున్న ఒక రైతు ఆ గేదె దగ్గర ఆగి, మా ఇంట్లో పాల డబ్బులు నేనెప్పుడూ లెక్క కట్టలేదన్నాడు. మీ పట్టికలో కూడా గడ్డికి గడి ఉండి ఉండదు.

రెండోది డెల్ఫీ. దీన్ని అమెరికాలో రాండ్ సంస్థలో నార్మన్ డాల్కీ, ఓలాఫ్ హెల్మర్ తదితరులు 1950లలో తయారుచేశారు. ఎవరేం చెప్పారో తెలియకుండా అభిప్రాయాలు సేకరించడం, వాటి సారాన్ని అందరికీ చదివి వినిపించడం, మళ్లీ అడగడం, ఇదే దాని ప్రాణం. మన ఊళ్లకు ఇది చక్కగా సరిపోతుంది, ఎందుకంటే మన సభల్లో మోతుబరి ముందు నోరు విప్పాడంటే తక్కినవాళ్లు తలలూపడమే. మేము నోటు పుస్తకం కాగితాలు చింపి చీటీలు చేసి, స్టీలు డబ్బాలో వేయించాం. రాయలేనివాళ్లకు ఇంటర్ చదివే పిల్లలు రాసిపెట్టారు. అడిగింది ఒకటే: వేసవిలో ఉప్పు నీరు మురుగు కాలువ వంతెన దాటి పైకి ఎప్పటికి వస్తుంది? పదేళ్లనీ, పాతికేళ్లనీ, ఎప్పటికీ రాదనీ చీటీలు వచ్చాయి. ఒక్క చీటీలో మాత్రం "పోయిన ఏడే వచ్చేసింది, సబ్బు నురగ రావడం లేదు" అని ఉంది.

మొదటి విడత చదివినప్పుడు అందరూ నవ్వారు. పేరు అడగకూడదన్నది నియమం కాబట్టి ఎవరినీ అడగలేదు. రెండో విడతకు ముందు ఇద్దరు కుర్రాళ్లు వంతెన పైన రేవులో బకెట్టు నీళ్లు తోడి సబ్బు రుద్ది చూసి వచ్చారు. ఆ విడతలో చీటీలన్నీ దగ్గరికి జరిగాయి. ఇగోర్ ఆన్సాఫ్ 1975లో బలహీన సంకేతాలని పేరు పెట్టి రాసినవి ఇలాంటివే. పెద్ద మార్పు ముందుగా ఎక్కడో ఒక అంచున, ఎవరూ లెక్కచేయని మనిషికి తెలుస్తుంది. బట్టలుతికే ఆవిడకు తెలిసిన సంగతి కొలతల పుస్తకంలోకి ఎక్కడానికి ఎన్నేళ్లు పట్టేదో.

ఆ తరువాత కావాలంటే హవాయి విశ్వవిద్యాలయంలో జిమ్ డేటర్ చెప్పిన నాలుగు భవిష్యత్తులు రాయించండి: ఇప్పటి దారిలోనే ఎదుగుదల, పతనం, కట్టుబాటుతో కూడిన జీవనం, పూర్తిగా మరో రూపం. మొదటిది కలం పట్టగానే రాసేస్తారు. పతనం దగ్గర అపశకునమని ఆగిపోతారు. అప్పుడు 1996 నవంబరు 6 రాత్రిని గుర్తుచేయండి. ఆ తుపానును చూసినవాళ్లు తలలు తెగిన కొబ్బరి చెట్ల నుంచి, కొత్త మొక్క కాపుకు వచ్చేదాకా ఆరేడేళ్లు ఏం తిని బతికారో వరకు వరుసగా చెబుతారు. రాసుకోవడానికి మీ చేయి సరిపోదు. జపాన్‌లోని యహాబా పట్టణంలో 2015లో చేసిన ప్రయోగం కూడా తెలుసుకోదగ్గది. పౌరుల్లో కొందరిని 2060లో బతుకుతున్నవాళ్లుగా భావించుకుని, ఆనాటి నుంచి నేటి ప్రణాళిక గురించి మాట్లాడమన్నారు. మీ నాన్నగారిని అలా కూర్చోబెట్టనక్కరలేదు, ఆయన ఆ పని ఇంతకుముందే చేశారు.

చెరువుగట్టు

భీమవరం వైపు చెరువులు చేసేవాణ్ణి, చదివింది కూడా అదే. నాకు ఈ చర్చలో వరి పుణ్యాత్మురాలిగా, రొయ్య పాపాత్మురాలిగా కనిపిస్తున్నాయి. సొహైల్ ఇనాయతుల్లా చెప్పిన పొరల విశ్లేషణ మీ కోర్సులో వచ్చే ఉంటుంది. దాన్ని మీ మీదే ప్రయోగించి చూడండి. పై పొరలో ధాన్యానికి ధర లేదన్న రోజువారీ గోడు ఉంటుంది. దాని కింద మురుగు పోకపోవడం, పెట్టుబడి పెరగడం, కౌలు భారం వంటి కారణాలు. ఇంకా కింద భూమి అంటే వరి అన్న నమ్మకం. అన్నిటికీ అడుగున "అన్నపూర్ణ" అన్న ఒక్క మాట. ఆ మాట మీద చేయి వేయకుండా పై మూడు పొరల్లో ఎంత గీసినా, చివరికి మొదలుపెట్టిన చోటికే వస్తారు. 2011లో కోనసీమ రైతులే సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించారు. అన్నపూర్ణ చేతులెత్తేసిన ఆ ఏడాదిని మీ సినారియోల్లో ఎక్కడ పెడతారు?

మా వాళ్ల తప్పు లేదనడం లేదు. 1990లలో టైగరు రొయ్య బంగారమని దిగినవాళ్లు తెల్లమచ్చ తెగులుతో ఎలా మునిగారో మా ఇంట్లోనే చూశాను. 1996 డిసెంబరులో రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ చట్టం వచ్చింది, 2009 నుంచి వనామీ రొయ్య వచ్చి మళ్లీ అందరినీ దింపింది. ఈ ముప్పై ఏళ్లలో లాభం గాని నష్టం గాని ఎవరూ వేసిన అంచనాలో నిలబడలేదు. అందుకే ఓవర్సీరు గారు చెప్పిన మూడు గీతల మాట నాకు నచ్చింది. లీజు పత్రంలో పదేళ్లని ఒక్క అంకె రాయకుండా మూడేళ్లకోసారి గీతలు చూసుకుని కొనసాగించే షరతు పెట్టండి, అడుగునుంచి ఊట పోకుండా చుట్టూ కందకం తవ్వే బాధ్యత చెరువు చేసేవాడి మీద వేయండి. నాలాంటివాడు కొంచెం గొణుగుతాడు గాని సంతకం పెడతాడు.

మరొకటి, ఇది అసలు సంగతి. మీ సంఘంలో సభ్యులు భూమి ఉన్నవాళ్లా, భూమి దున్నేవాళ్లా? డెల్టాలో ఆ ఇద్దరూ చాలావరకు వేరు. హైదరాబాదులో ఉన్న యజమానికి ముప్పై ఏళ్ల విలువ అంటే ఎకరం రేటు. కౌలు రైతుకు వచ్చే సార్వాకు చేను ఉంటుందా అన్నదే భవిష్యత్తు. కౌలు రైతు లేని సభలో ముగ్గు ఎంత అందంగా వేసినా, ముందే తీసుకున్న నిర్ణయానికి రంగులద్దినట్టే అవుతుంది.

శివారు రైతు

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. రెండు ఆదివారాలు మీరు చెప్పినట్టే చేసి చూశాం. చెరువుగట్టు గారి మాట సూటిగా తగిలింది. మొదటి ఆహ్వాన పత్రంలో నేను పిలిచిన ముప్పై ఒక్క మందిలో కౌలు రైతులు నలుగురే. రెండో వారం పంచాయతీ చావిడిలో కాకుండా కళ్లంలో పెట్టాం, కౌలు రైతులు పంతొమ్మిది మంది వచ్చారు.

గడ్డి, నాట్ల కూలి, గట్టు పక్క చేల దిగుబడి అనే మూడు కొత్త గడులు చేర్చాక 12 శాతం దగ్గర చెరువు ఇంకా నెగ్గుతూనే ఉంది. 5 శాతం దగ్గర రెండూ దాదాపు సమానమయ్యాయి, 3 శాతం దగ్గర చెరువు ఓడింది. ఏ రేటు పెట్టాలో చెప్పమని అడిగితే ఒక పెద్దాయన, తన కొడుక్కి చేబదులు ఇస్తే ఎంత వడ్డీ తీసుకుంటాడో అంత పెట్టమన్నాడు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అన్నిటికీ ఒప్పుకోలు కుదరలేదు. మెరక వైపు నలభై ఎకరాలను చెరువుకు ఇవ్వకూడదని తీర్మానించారు. మిగిలిన దానిలో మూడేళ్ల షరతుతో, కందకంతో ముందుగా పాతిక ఎకరాలే ఇచ్చి చూద్దామన్నారు. ఇది చిన్న రైతులకు నచ్చింది, పెద్ద చేలవాళ్లకు నచ్చలేదు, ఇద్దరు లేచి వెళ్లిపోయారు. మొదటి గీత ఉప్పుదే కావాలని మాత్రం అందరూ అన్నారు. సంఘం డబ్బుతో చేతిలో పట్టుకునే ఉప్పు మీటరు ఒకటి కొన్నాం. దాన్ని ఎక్కడ, ఎప్పుడు ముంచాలన్న దగ్గర మళ్లీ గొడవ మొదలైంది. ఓవర్సీరు గారు చెప్పగలరా?

పాత ఓవర్సీరు

మూడు చోట్ల కొలవండి: మురుగు కాలువ సముద్రం వైపు తూము దిగువన ఒకటి, వంతెన దగ్గర బట్టలుతికే రేవులో ఒకటి, ఇవ్వబోయే పాతిక ఎకరాల గట్టు అవతల పక్క చేను బోదెలో ఒకటి. పోటు నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, పాటు దిగాక ఒకసారి ముంచాలి. అమావాస్యకు, పౌర్ణమికి తప్పనిసరి. అంకె పక్కన పంట కాలువలో నీళ్లున్నాయో, కట్టేశారో కూడా రాయకపోతే ఏడాది తరువాత ఆ పుస్తకం ఎవరికీ అర్థం కాదు. నీటి కొలత వేరు, మట్టి కొలత వేరు. నీటితో తడిపిన మట్టి నుంచి తీసిన ద్రావణంలో లవణీయత 3 డెసీసైమన్లు/మీటరు (dS/m, ఉప్పును కొలిచే ప్రమాణం) దాటాక వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది, అందువల్ల ఏడాదికోసారి వేసవిలో పక్క చేల మట్టిని భూసార పరీక్షకు పంపించండి. చెరువులోకి నీళ్లు ఎక్కించకముందే ఒక వేసవి మొత్తం కొలిచి ఉంచుకోండి, లేకపోతే రేపు ఉప్పు పెరిగినప్పుడు ముందు నుంచీ ఉన్నదేనని చెరువు చేసేవాడు అంటాడు, కాదని చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

మీటరు ఎవరి దగ్గర ఉంచుతున్నారు?

శివారు రైతు

రేవు పక్కింటి ఆవిడ దగ్గర. పుస్తకం కూడా ఆవిడదే, అంకెలు రాసేది ఆవిడ కూతురు, పదో తరగతి. ఈ అమావాస్యకు మొదటి కొలత.